లారీ గుద్ది కాలు విరిగింది: రాజీ కాగితం మీద సంతకం అడుగుతున్నరు, క్లెయిమ్ ఎట్ల వెయ్యాలె?

ప్రశ్న: హసన్‌పర్తి తమ్ముడు

అన్నలకు నమస్తే. మా బావకు 34 ఏండ్లు, టైల్స్ మేస్త్రీ. బైకు మీద హన్మకొండ నుంచి హుజూరాబాద్ దిక్కు పోతుంటే, ఎల్కతుర్తి దాటినంక ఎన్కనుంచి వచ్చిన పది టైర్ల లారీ ఓవర్‌టేక్ చేసి ఎడమకు కట్ కొట్టింది. లారీ బాడీ హ్యాండిల్‌కు తగిలి పడ్డడు. కుడి కాలు మోకాలి కింద రెండు బొక్కలు విరిగినయి, బొక్క బయటికొచ్చింది. ముందు వరంగల్ ఎంజీఎం సర్కారు దవాఖానకు, ఆడినుంచి ప్రైవేటుకు తీస్కపోయిన్రు. రాడ్ వేసిన్రు. ఇప్పటికి ఏడు వారాలు. ఇంకా కాలు మీద బరువు పెట్టొద్దన్నరు. బిల్లులు 2,40,000 దాకా అయినయి.

మరునాడు మా చిన్నాయన కొడుకు ఫిర్యాదు ఇచ్చిండు, లారీ నంబరుతోని ఎఫ్‌ఐఆర్ అయింది. బండి వివరాలు చూపెట్టే ఎం పరివాహన్ యాప్‌ల చూస్తే లారీకి ఇన్సూరెన్స్ ఉన్నట్టే చూపెడుతున్నది. బావకు లైసెన్స్ ఉన్నది, హెల్మెట్ పెట్టుకున్నడు.

లారీ ఓనర్‌ది కరీంనగర్. 60,000 ఇస్త, రాజీ కాగితం మీద సంతకం పెట్టమంటున్నడు. ఇంకొకాయన ఇంటికే వచ్చి "వకాలత్ మీద సంతకం చెయ్యి, వచ్చినదాంట్ల 25 శాతం మాకు" అంటున్నడు. లారీ డ్రైవర్‌కు కారు లైసెన్సే ఉన్నదని, ఇన్సూరెన్స్ పైసలు రావని కూడా అంటున్నరు. బావకు జీతం కాగితాలు ఏమీ లేవు, రోజు కూలి లెక్క. ఏం చెయ్యాలె, ఎంత వస్తది, ఎక్కడ వెయ్యాలె? తెలిసినోళ్లు జర వివరంగ చెప్పుండ్రి.

---

అదాలత్ సెంటర్

ముందు సంతకాల సంగతి. రాజీ కాగితం మీద ఇప్పుడు సంతకం పెట్టొద్దు. ఇట్లాంటి కాగితాల్లో సాధారణంగా "ఇందులో లారీ డ్రైవర్ తప్పేమీ లేదు, బైకు అదుపు తప్పి పడ్డది" అన్న వాక్యం ఒకటి దూరుస్తారు. రేపు ప్రమాద పరిహారం తేల్చే కోర్టు, అంటే ట్రిబ్యునల్‌లో ఇన్సూరెన్స్ వకీలు మీ బావ ముందు పెట్టేది ఆ వాక్యమే. క్లెయిమ్ నిలబడేది డ్రైవర్ నిర్లక్ష్యం మీద. దాన్ని మీరే లేదని రాసిచ్చాక మిగిలేది చాలా తక్కువ. ఓనర్ నిజంగా మందుల ఖర్చుకు సాయం చేస్తానంటే బ్యాంకు ఖాతాకు పంపమనండి. "వైద్య ఖర్చుల నిమిత్తం" అని మాత్రమే రసీదు ఇవ్వండి. ఆ డబ్బు సంగతి కోర్టులో దాచొద్దు.

పోలీసు కేసు వేరు, క్లెయిమ్ వేరు. క్రిమినల్ కేసులో డ్రైవర్‌కు జరిమానా పడినా, కొట్టేసినా క్లెయిమ్ దానంతటదే పోదు. ట్రిబ్యునల్‌లో అనుమానానికి తావులేని రుజువు అక్కర్లేదు, ఏది ఎక్కువ సంభవమో చూపిస్తే చాలు.

ఎక్కడ వెయ్యాలి: మోటారు వాహనాల చట్టం సెక్షన్ 166 కింద, ప్రమాదం జరిగిన చోటుగానీ, బాధితుడు ఉండే లేదా పని చేసుకునే చోటుగానీ, ఎదుటి పార్టీ ఉండే చోటుగానీ. మీకు హన్మకొండ జిల్లా కోర్టులోనే సరిపోతుంది, కరీంనగర్ తిరగాల్సిన పని లేదు. డ్రైవర్, ఓనర్, ఇన్సూరెన్స్ కంపెనీ ముగ్గురినీ ప్రతివాదులుగా పెట్టాలి. డ్రైవర్, ఓనర్ చాలాసార్లు కోర్టుకే రారు, ఎక్స్‌పార్టీ అవుతారు. కొట్లాట అంతా కంపెనీతోనే.

గడువు: 2019 సవరణ 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలల్లోపు పిటిషన్ పడాలి. ఆ నిబంధనను సవాలు చేసిన కేసులు సుప్రీంకోర్టు దాకా పోయాయి. వాటి మీద ఆశ పెట్టుకుని కూర్చోవద్దు. "కాలు పూర్తిగా నయమయ్యాక వేద్దాం, అప్పుడు వైకల్యం ఎంతో తెలుస్తుంది" అని ఆగి గడువు దాటించుకునేవాళ్లు చాలామంది. పిటిషన్ ముందు వెయ్యండి, డిసేబిలిటీ సర్టిఫికెట్ తర్వాత దాఖలు చేసుకోవచ్చు.

మీకు అంతకంటే దగ్గర గడువు ఇంకొకటి ఉంది. 2022 నుంచి కొత్త నియమాల ప్రకారం పోలీసులు 48 గంటల్లో ఫారం 1లో మొదటి ప్రమాద నివేదిక, 50 రోజుల్లో మధ్యంతర నివేదిక, 90 రోజుల్లో ఫారం 7లో పూర్తి నివేదిక ట్రిబ్యునల్‌కు, ఇన్సూరెన్స్ కంపెనీకి పంపాలి. బాధితుడు ఫారం 6 నింపి దర్యాప్తు అధికారికి ఇవ్వాలి, దానికి 60 రోజులు. మీకు ఏడు వారాలు గడిచాయి కాబట్టి ఈ వారమే ఎల్కతుర్తి స్టేషన్‌కు పోయి ఫారం 6 అడగండి. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, బిల్లులు, ఆదాయం కాగితాల నకళ్లు జతచేసి ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం చేయించుకోండి. ఈ నియమాలను కచ్చితంగా అమలు చేయాలని గోహర్ మహమ్మద్ కేసులో సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో చెప్పింది. స్టేషన్‌లో "అట్లాంటి ఫారం లేదు" అంటే ఆ తీర్పు పేరు చెప్పండి, లేదంటే రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వండి. పోలీసు నివేదికనే ట్రిబ్యునల్ క్లెయిమ్ దరఖాస్తుగా తీసుకోవచ్చని చట్టంలో ఉంది. అయినా దాని మీదే ఆధారపడకుండా మీ పిటిషన్ మీరు వేసుకోవడం మంచిది.

ఎఫ్‌ఐఆర్ కాపీ తెచ్చుకుని ఒక్కో అక్షరం చదవండి. నేను చూడమనేవి ఇవి. లారీ ఏ దిక్కు నుంచి వచ్చింది, ఎట్లా తగిలింది అన్నది ఫిర్యాదులో ఉందా? "అతివేగంగా, అజాగ్రత్తగా" అని ఉందా, లేక "రెండు వాహనాలు ఢీకొన్నాయి" అని ఊరికే రాసి వదిలేశారా? సెక్షన్లు ఏవి? బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 281, 125(ఏ) మాత్రమే ఉంటే అది సాధారణ గాయం కింద లెక్క. ఎముక విరిగితే తీవ్ర గాయం, 125(బి) రావాలి. వూండ్ సర్టిఫికెట్ (గాయాల మీద డాక్టర్ ఇచ్చే కాగితం) అందాక దర్యాప్తు అధికారి సెక్షన్ మార్చాలి. ఛార్జిషీట్ పడేముందే అడగండి, పడ్డాక మార్పించడం కష్టం.

స్టేషన్, కోర్టు నుంచి తెచ్చుకోవాల్సిన ధ్రువీకరించిన నకళ్లు: ఎఫ్‌ఐఆర్, ఫిర్యాదు, ఘటనా స్థల పంచనామా, రఫ్ స్కెచ్, మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు, వూండ్ సర్టిఫికెట్, ఛార్జిషీట్. వీటితోపాటు డ్రైవర్ లైసెన్స్, లారీ ఆర్‌సీ, పర్మిట్, ఫిట్‌నెస్, పాలసీ కాపీలు. ఓవర్‌టేక్ కేసుల్లో ఇన్‌స్పెక్టర్ రిపోర్టు చాలా విలువైనది. లారీ ఎడమ పక్క గీతలు, బైకు కుడి హ్యాండిల్ వంగడం అందులో నమోదై ఉంటే మీ కథనానికి అదే సాక్ష్యం. "యాంత్రిక లోపం లేదు" అన్న వాక్యం కూడా ఉండాలి, అప్పుడు బ్రేకులు ఫెయిలయ్యాయనే సాకు పోతుంది.

25 శాతం సంగతి: వచ్చే పరిహారంలో వాటా ఫీజుగా మాట్లాడుకోవడాన్ని బార్ కౌన్సిల్ నియమాలు నిషేధిస్తాయి. ఆ వచ్చినాయన అసలు వకీలేనా అన్నది కూడా చూడండి. ఆసుపత్రుల చుట్టూ తిరిగే మధ్యవర్తులు ఖాళీ కాగితాల మీద, ఖాళీ చెక్కుల మీద సంతకాలు తీసుకుని తర్వాత సతాయిస్తారు. మోటారు క్లెయిములు చేసే వకీలును మీరే కలిసి, ఫీజు మొత్తం ఎంతో ముందే తేల్చుకుని, రసీదు అడగండి. ఫీజు పెట్టే స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఆదాయ పరిమితి లోపు ఉన్నవాళ్లు, మహిళలు, ఎస్సీ ఎస్టీలు, వికలాంగులు అర్హులు. ఫోన్ 15100.

---

బొక్కల వార్డు

అదాలత్ సెంటర్ అన్న పోలీసు కాగితాల గురించి చెప్పిండు. ఆసుపత్రి కాగితాలు అంతకంటే తక్కువేం కాదు. క్లెయిములు ఎక్కువ దెబ్బతినేది ఇక్కడే, ఎందుకంటే అడ్మిషన్ గడబిడలో ఎవరూ వాటిని చదవరు.

మొదట ఎంజీఎంకు పోయిన్రు కదా, అక్కడ క్యాజువాల్టీలో మెడికో లీగల్ కేసుగా (పోలీసులకు తెలిపే కేసుగా) నమోదు అయి ఉంటది. ఆ ఎంఎల్‌సీ నంబరు తీసుకోండి. అందులో "ఎట్ల జరిగింది" అన్న చోట ఏం రాసిన్రో చూడండి. వెంట వచ్చినోళ్లు తొందరలో "బైకు మీద నుంచి పడ్డడు" అంటే డ్యూటీ డాక్టర్ అదే రాస్తడు. లారీ అన్న మాటే ఉండదు. ఇన్సూరెన్స్ కంపెనీ ముందుగా తెప్పించే కాగితం అదే. అట్ల రాసి ఉంటే దిద్దించే ప్రయత్నం చెయ్యొద్దు, దిద్దిన రికార్డు ఇంకా ఎక్కువ అనుమానం తెస్తది. ఆ మాట చెప్పినోళ్లే కోర్టుకు వచ్చి, తాము ప్రమాదం చూడలేదని, తర్వాత వచ్చి ఎత్తుకపోయినమని చెప్పాలె. ప్రైవేటు ఆసుపత్రి కేస్ షీట్‌లో కూడా ఇదే భాగం చూడండి. రెండింటిలో పేరు, వయసు, కుడి ఎడమ ఒక్కతీరుగ ఉన్నయా? డిశ్చార్జి సమ్మరీలో పొరపాటున ఎడమ కాలు అని పడ్డ కేసులు ఉంటయి. ఆధార్‌లో పేరు ఒకతీరు, ఆసుపత్రిలో పిలుపు పేరు ఒకతీరు ఉన్నా ఇప్పుడే సరిచేయించే దారి చూడండి.

బిల్లులు: ఫైనల్ బిల్లు ఒక్కటి చాలదు, పైసలు కట్టిన రసీదులు కూడా కావాలె. మందుల బిల్లు మీద రోగి పేరు, తేదీ ఉండాలె, దానికి తగ్గ డాక్టర్ చీటీ జతగా ఉండాలె. చీటీ లేని మందుల బిల్లులు కోర్టు పక్కన పెడుతది. థర్మల్ కాగితం బిల్లులు కొన్ని నెలల్లోనే అక్షరాలు మాసిపోతయి, ఇయ్యాలనే జిరాక్స్ తీసి అసలుతోని కలిపి పెట్టుండ్రి. రాడ్, స్క్రూల ప్యాకెట్ల మీది స్టిక్కర్లు కేస్ షీట్‌లో అతికిస్తరు, వాటి కాపీ అడగండి. అంబులెన్స్, ఆటో, ఫిజియోథెరపీ రసీదులు తేదీల వారీగ ఒక పుస్తకంలో రాసుకోండి. ఎక్స్‌రే ఫిల్ములు ఆపరేషన్‌కు ముందువి, తర్వాతవి రెండూ దాచుండ్రి.

ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ అయితే ఆ ఖర్చు మీరు పెట్టింది కాదు కాబట్టి మళ్లీ అడగలేరు. బయట కొన్న మందులు, తోడు మనిషి ఖర్చు, ప్రయాణం, మంచి తిండి ఖర్చు మాత్రం అడగొచ్చు. ఇంట్లోవాళ్లే చూసుకున్నా తోడు మనిషి ఖర్చు ఇస్తరు.

ఇప్పుడు డిసేబిలిటీ. బొక్క విరిగి బయటికొచ్చింది కాబట్టి అతకడానికి టైం పడుతది. ఇన్ఫెక్షన్ వస్తే, అతకకపోతే ఇంకో ఆపరేషన్ పడొచ్చు. అందుకే ఏడు వారాలకే వైకల్యం సర్టిఫికెట్ కోసం ఉరకొద్దు. బొక్క అతికి, ఫిజియోథెరపీ అయి, ఇంకా మెరుగయ్యేది లేదని డాక్టర్ అన్నంక తీసుకోండి. పిటిషన్ అప్పటికే పడి ఉంటది కాబట్టి తొందర లేదు.

సర్టిఫికెట్‌లో ఉత్త శాతం ఉంటే పనికి రాదు. కాలు ఎన్ని సెంటీమీటర్లు పొట్టి అయింది, మోకాలు ఎన్ని డిగ్రీలు వంగుతది, చీలమండ ఎంత కదులుతది, నడకలో కుంటు ఉన్నదా అన్నది కొలిచి రాయించాలె. మీ బావ పని ప్రకారం ఇంకా ముఖ్యం: గొంతుకూర్చుని గంటల తరబడి పని చేయగలడా? మోకాళ్ల మీద పాకగలడా? రెండడుగుల వెట్రిఫైడ్ టైల్స్ పెట్టె పాతిక కిలోలకు పైనే ఉంటది, అది ఎత్తుకుని మెట్లు ఎక్కగలడా? ఈ మూడు మాటలు డాక్టర్ కోర్టులో చెప్తే ఆ శాతానికి అర్థం వస్తది. రాడ్ తీసే ఆపరేషన్‌కు ఎంతవుతదో ఎస్టిమేట్ కూడా లెటర్‌హెడ్ మీద తీసుకోండి.

సర్టిఫికెట్ ఇచ్చిన డాక్టర్ కోర్టుకు రాకపోతే దాని మీద కంపెనీ అభ్యంతరం పెడుతది. ఆపరేషన్ చేసిన డాక్టర్, మెడికల్ బోర్డు సభ్యుడు ఇద్దరిలో ఒక్కరన్నా సాక్ష్యం చెప్పేటట్టు ముందే అడిగి పెట్టుకోండి. రాలేనంటే కోర్టు నియమించే వకీలును, అంటే అడ్వొకేట్ కమిషనర్‌ను ఆసుపత్రికి పంపి వాంగ్మూలం తీసుకోమని పిటిషన్ వెయ్యొచ్చు.

---

లెక్క తేల్చే మనిషి

ఎంత వస్తుంది అన్నారు. లెక్క ఎట్లా వేస్తారో చూపిస్తాను, మీ అంకెలు మీరు పెట్టుకోండి.

శాశ్వత వైకల్యం వల్ల పోయే సంపాదన = నెల ఆదాయం × 12, దానికి భవిష్యత్తు పెరుగుదల కలిపి, × మల్టిప్లయర్ (వయసును బట్టి గుణించే అంకె), × పని సామర్థ్యం తగ్గిన శాతం.

మల్టిప్లయర్ సరళా వర్మ తీర్పు (2009) పట్టిక నుంచి తీసుకుంటారు. 26–30 ఏళ్లకు 17, 31–35కు 16, 36–40కు 15, 41–45కు 14, 46–50కు 13. మీ బావకు 16. భవిష్యత్తు పెరుగుదల ప్రణయ్ సేథీ తీర్పు (2017) నుంచి: సొంత పని చేసుకునేవాళ్లకు 40 ఏళ్లలోపు అయితే 40 శాతం, 40–50 మధ్య 25 శాతం, 50–60 మధ్య 10 శాతం. ఇది చావు కేసులకే కాదు, శాశ్వత వైకల్యం ఉన్న గాయం కేసులకూ వర్తిస్తుందని పప్పూ దేవ్ యాదవ్ తీర్పు (2020) చెబుతుంది. పిటిషన్‌లో దీన్ని అడగడం మరిచిపోయే వకీళ్లు ఇప్పటికీ ఉన్నారు, చూసుకోండి. గాయం కేసుల్లో సొంత ఖర్చుల కింద మూడో వంతు కోత ఉండదు. కంపెనీ కోయమంటే రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్ కుమార్ (2011) చూపించండి.

ట్రిబ్యునల్ నెలకు 15,000 ఆదాయం ఒప్పుకుందనుకోండి. ఏడాదికి 1,80,000. 40 శాతం కలిపితే 2,52,000. 16తో గుణిస్తే 40,32,000. ఇక్కడి నుంచి ఒక్కో శాతం విలువ 40,320. పని సామర్థ్యం 25 శాతం తగ్గిందని తేలితే 10,08,000. 10 శాతం అంటే 4,03,200. ఓనర్ ఇస్తానన్న 60,000 ఇందులో ఒకటిన్నర శాతమే.

శాతం దగ్గర అందరూ తికమక పడతారు. సర్టిఫికెట్‌లో "కుడి కాలికి 40 శాతం" అని ఉంటే అది మొత్తం శరీరానికి 40 కాదు. మొత్తం శరీరానికి లెక్కగడితే అది చాలా తగ్గుతుంది. కానీ రాజ్‌కుమార్ తీర్పు అసలు చూడమన్నది శరీరం శాతం కాదు, ఆ మనిషి పని మీద దాని ప్రభావం. అదే కాలు దెబ్బ బల్ల ముందు కూర్చుని లెక్కలు రాసే గుమాస్తాకు సంపాదనలో పెద్ద నష్టం తేకపోవచ్చు. టైల్స్ మేస్త్రీకి సర్టిఫికెట్‌లో ఉన్న అంకె కంటే ఎక్కువ నష్టం కావచ్చు. బొక్కల వార్డు చెప్పిన ఆ మూడు మాటల విలువ ఇక్కడే లక్షల్లో తెలుస్తుంది.

దీనికి విడిగా కలిసేవి: బిల్లులు 2,40,000. మంచం మీద ఉన్న నెలల సంపాదన, 8 నెలలు అనుకుంటే 1,20,000. పై 10,08,000తో కలిపితే 13,68,000. ఆపైన నొప్పి బాధలకు, జీవితంలో పోయిన సౌకర్యాలకు, తోడు మనిషికి, రాడ్ తీసే ఖర్చుకు ట్రిబ్యునల్ వేరుగా ఇస్తుంది. పిటిషన్ వేసిన రోజు నుంచి వడ్డీ ఉంటుంది, సాధారణంగా 6 నుంచి 9 శాతం మధ్య. పిటిషన్‌లో తక్కువ అడిగారన్న కారణంతో న్యాయమైన పరిహారం తగ్గించాల్సిన పని లేదని నాగప్ప కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి తక్కువ రాశామే అని భయపడొద్దు.

ఆదాయం రుజువు: జీతం స్లిప్పు లేకపోయినా దారులున్నాయి. ఫోన్‌పే, గూగుల్‌పేలో పని ఇచ్చినవాళ్ల నుంచి వచ్చిన డబ్బు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కనిపిస్తుంది. ప్రమాదానికి ముందు ఏడాదిది బ్యాంకు ముద్రతో తీసుకోండి. భవన నిర్మాణ కార్మికుల కార్డు ఉంటే పెట్టండి, అది మేస్త్రీ అని రుజువు చేస్తుంది. పని ఇచ్చే కాంట్రాక్టర్ ఒకరు వచ్చి చదరపు అడుగుకు ఎంత ఇస్తాడో, నెలకు ఎన్ని రోజులు పని ఉంటుందో సాక్ష్యం చెబితే బలం. కొత్తగా అచ్చేయించిన జీతం సర్టిఫికెట్ మాత్రం పెట్టొద్దు. దాన్ని ఇచ్చినాయన ఎదుటి వకీలు అడిగే ప్రశ్నల్లో, అంటే క్రాస్‌లో రిజిస్టర్లు చూపించలేకపోతే ఆదాయం ఒక్కటే కాదు, మిగతా సాక్ష్యం మీద కూడా కోర్టుకు నమ్మకం పోతుంది. ఏ రుజువూ లేకపోతే ట్రిబ్యునల్ కనీస వేతనాలు, ఆ పని స్వభావం చూసి అంచనా వేస్తుంది. ఆ అంచనా 10,000 దగ్గర ఆగితే పై 10,08,000 కాస్తా 6,72,000 అవుతుంది.

---

సర్వేయర్ సాబ్

ఇన్సూరెన్స్ వైపు ఫైలు ఎట్లా చూస్తారో తెలిసిన మనిషిగా రెండు మూడు మాటలు.

లైసెన్స్ సంగతి. కారు లైసెన్స్, అంటే ఎల్‌ఎంవీ ఉన్నవాళ్లు 7,500 కిలోల లోపు బరువున్న రవాణా వాహనం నడపొచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో ఖరారు చేసింది. టాటా ఏస్‌లు, చిన్న డీసీఎంలు ఇందులోకి వస్తాయి. పది టైర్ల లారీ రాదు, దానికి హెవీ లైసెన్స్ కావాలి. కాబట్టి ఊళ్లో అనేది నిజమే అయితే కంపెనీ దాన్ని తప్పక వాదిస్తుంది. అయినా మీ బావ లారీకి సంబంధం లేని మూడో మనిషి. స్వరణ్ సింగ్ తీర్పు (2004) తర్వాత ఇట్లాంటి చోట ట్రిబ్యునళ్లు ఎక్కువగా "ముందు కంపెనీ కట్టు, తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకో" అని ఆదేశిస్తాయి. మీ వకీలు ఈ కోరికను పిటిషన్‌లోనే స్పష్టంగా రాయాలి. పాలసీ ప్రమాదం రోజున అమల్లో ఉందా అన్నది మాత్రం గంట, నిమిషంతో సహా చూడండి. ప్రమాదం జరిగిన సాయంత్రం కట్టిన పాలసీ పొద్దున జరిగిన ప్రమాదానికి పనికిరాదు.

ఎఫ్‌ఐఆర్ మరునాడు అయిందన్నారు. ఒక్క రోజు ఆలస్యం పెద్ద విషయం కాదు. ఆలస్యం ఒక్కటే క్లెయిమ్ కొట్టేయడానికి కారణం కాదని రవి వర్సెస్ బద్రినారాయణ్ తీర్పు (2011) ఉంది. చికిత్సలో ఉండటం వల్ల ఆలస్యమైందని ఫిర్యాదులో రాసి ఉంటే ఇంకా మంచిది. కంపెనీకి అసలు అనుమానం వచ్చేది మొదట "గుర్తు తెలియని లారీ" అని రాయించి, వారాల తర్వాత ఒక నంబరు తెచ్చిన కేసుల్లో. మీకు ఆ బాధ లేదు.

కంపెనీ ఇన్వెస్టిగేటర్ ఇంటికి వస్తాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి, కాగితాల నకళ్లు ఇవ్వండి. అతను రాసుకున్నది చదవకుండా సంతకం పెట్టొద్దు, ఇంగ్లీషులో ఉంటే చదివి వినిపించమనండి. సంతకం పెట్టిన ప్రతి కాగితం ఫొటో తీసుకోండి.

పోలీసుల పూర్తి నివేదిక అందాక కంపెనీ 30 రోజుల్లో ఒక మొత్తం ఆఫర్ చేయాలి. ఇక్కడ ఒక గుంట ఉంది. తప్పు ఎవరిదన్నది చూడకుండా ఇచ్చే సెక్షన్ 164 పరిహారం చావుకు 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు. అది ఒప్పుకుని తీసుకుంటే 166 కింద వేసిన పిటిషన్ రద్దయిపోతుంది. బిల్లులే 2,40,000 అయిన మనిషికి 2.5 లక్షలంటే ఇంక చేతిలో ఏమీ మిగలదు. ఏ సెక్షన్ కింద ఇస్తున్నారో రాతలో అడగకుండా ఒప్పుకోవద్దు.

లోక్ అదాలత్ మంచిదే, తొందరగా తేలుతుంది. కానీ అక్కడ అయిన అవార్డు (పరిహారం తీర్పు) మీద అప్పీలు లేదు. డిసేబిలిటీ సర్టిఫికెట్ చేతికి రాకముందే లోక్ అదాలత్‌లో కూర్చుంటే లెక్కలో పెద్ద ముక్క లేకుండానే ఒప్పుకున్నట్టు అవుతుంది.

---

హసన్‌పర్తి తమ్ముడు

మస్తు మేలు చేసిన్రు అన్నలు. రాజీ కాగితం వద్దన్నం, రేపు ఫారం 6 కోసం స్టేషన్‌కు పోతున్న. బావ సాక్ష్యం చెప్పేటప్పుడు ఏం అడుగుతరు? ఇంకోటి, మా ఊరోళ్లు మిర్చి ఏరనీకి ట్రాక్టర్ ట్రాలీల పోతుంటే బోల్తా పడ్డది, ఇద్దరికి దెబ్బలు తాకినయి. వాళ్లకూ ఇట్లనే వస్తదా?

---

అదాలత్ సెంటర్

క్రాస్‌లో దాదాపు ఇవే అడుగుతారు: ఎంత స్పీడులో పోతున్నావు, లైసెన్స్ ఉందా, హెల్మెట్ ఉందా, నువ్వే కుడికి జరిగావు కదా, లారీని ఎప్పుడు చూశావు, ఇప్పుడు పనికి పోతున్నావు కదా. బావ లైసెన్స్ నకలు ఇప్పుడే ఫైల్లో పెట్టండి. తెలియనిదానికి తెలియదు అనమనండి. రఫ్ స్కెచ్ ముందే చూపించి, తను చెప్పేదీ స్కెచ్‌లో ఉన్నదీ ఒకటేనా అని సరిచూసుకోండి. బైకు రోడ్డు ఎడమ అంచున ఉన్నట్టు స్కెచ్‌లో ఉండి, ఆయన "మధ్యలో ఉన్నా" అంటే తప్పులో వాటా కింద 20, 30 శాతం కోత పడే ప్రమాదం ఉంది. ప్రమాదం కళ్లారా చూసినవాళ్లు ఒక్కరు దొరికినా సాక్షిగా పెట్టండి.

ట్రాలీ సంగతి వేరు. ట్రాక్టర్ ట్రాలీ సరుకు బండి. అందులో ఊరికే ఎక్కించుకుపోయిన మనుషులకు పాలసీ వర్తించదు, ఆషా రాణి తీర్పు నుంచి అదే లెక్క. చాలా ట్రాలీలకు విడిగా ఇన్సూరెన్సే ఉండదు. అప్పుడు భారం ఓనర్ మీదే పడుతుంది. వాళ్లు ట్రాక్టర్ ఓనర్ దగ్గరే కూలికి పోతున్నారా, పాలసీలో కూలీల కోసం అదనపు ప్రీమియం కట్టారా అన్నది పాలసీ కాపీ తెచ్చి చూశాకే చెప్పగలం. కాపీ దొరికితే ఇక్కడ పెట్టండి, పేర్లు చెరిపేసి.

---

నర్సంపేట రోడ్డు

ఇది చదివే మిగతావాళ్ల కోసం రెండు మాటలు. గుద్దిన బండి దొరకకపోతే హిట్ అండ్ రన్ పథకం ఉంది: చావుకు 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000. దరఖాస్తు రెవెన్యూ వాళ్లలో క్లెయిమ్స్ ఎంక్వైరీ ఆఫీసర్‌కు ఇవ్వాలి, మంజూరు చేసేది కలెక్టర్. 2025 మేలో వచ్చిన క్యాష్‌లెస్ పథకం కింద గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లో ప్రమాదం నుంచి 7 రోజుల దాకా 1.5 లక్షల వరకు చికిత్స ఉచితం. చేర్పించేటప్పుడే అడగాలి, డిశ్చార్జి నాడు అడిగితే దొరకదు.

---

లెక్క తేల్చే మనిషి

హసన్‌పర్తి తమ్ముడూ, ఇంకొక్కటి. అవార్డు వచ్చాక మొత్తం డబ్బు ఒకేసారి చేతికి రాదు. కంపెనీ కోర్టు ద్వారా జమ చేస్తుంది, ట్రిబ్యునల్ కొంత వెంటనే ఖాతాకు పంపి, మిగతాది ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచమనొచ్చు. రాడ్ తీసే ఆపరేషన్‌కు, అప్పు తీర్చడానికి డిపాజిట్ ముందుగా విడుదల చెయ్యమని కారణం చూపి పిటిషన్ వేసుకోవచ్చు. బావ పేరుతో సొంత ఖాతా, దానికి ఆధార్, పాన్ ఇప్పుడే కలిపి పెట్టండి. మధ్యవర్తి పేరుతోగానీ, జాయింటుగా గానీ ఖాతా తెరవొద్దు. కంపెనీ అప్పీలుకు పోతే గడువు 90 రోజులు. పోవాలన్నా 25,000 లేదా అవార్డులో సగం, ఏది తక్కువైతే అది హైకోర్టులో జమ చెయ్యాలి. మీకు తక్కువ వచ్చిందనిపిస్తే మీ అప్పీలుకూ అదే 90 రోజులు, కాబట్టి తీర్పు కాపీ కోసం తీర్పు వచ్చిన రోజే దరఖాస్తు పెట్టండి.